షాక్ కొట్టని కరెంటు

వినాయక చవితికి మా నాచారం అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మండపం వెనక గోడంతా మా మరిది పిక్సెల్ లైట్లు పరిచాడు. ఒక్కో బల్బుకు ఒక్కో రంగు విడిగా పెట్టగలిగే పట్టీలు. అన్నిటికీ ఒకటే పవర్ సప్లై పెట్టె, దాని నుంచి డోర్‌బెల్‌కు వాడేంత సన్నటి వైరు. తెల్ల రంగు పెడితే మొదట్లో తెల్లగా, చివరికి పోయేసరికి చీము రంగులో వెలిగేవి. కరెంటు చాలడం లేదని పెట్టె మీద వోల్టులు పెంచే స్క్రూ ఇంకా తిప్పాడు.

నేను ఈసీఈ చదివాను. ఆ వైరు పట్టుకుని చూస్తే వేడికి మెత్తబడి వేళ్లకు జిగటగా తగిలింది. దాని చుట్టూ అంతా థర్మోకోల్, చమ్కీ గుడ్డ.

"ఇది అంటుకుంటుంది, ఆపు" అన్నాను.

"అయిదు వోల్టులే వదినా. షాక్ గిట్ల ఏం కొట్టది."

మా ఇంట్లో కరెంటుకు ఒకటే పరీక్ష: కొడుతుందా, కొట్టదా. కొట్టకపోతే మంచిది. వోల్టులు తక్కువైనా అంత గోడకు పారే ఆంపియర్లు చాలా ఎక్కువని, సన్నటి వైరును కాల్చేది అవేనని చెప్పాను.

"మా వదినకు ఫికర్ జర ఎక్కువ" అని చుట్టూ ఉన్నవాళ్లతో అని, లైట్ల పట్టీ చివర వేలాడుతున్న వైరు కొసలు నాలుక మీద పెట్టుకున్నాడు. "సూడున్రి, జిల్లుమంటది, గంతే!"

కొసలు తీస్తుంటే ఉమ్ము తీగలా సాగింది. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడే నడక నేర్చిన మా పాప కూడా కొట్టింది. కొట్టి, నాలుక చాపుకుని పెట్టె దగ్గరికి నడిచింది. ఆ పెట్టె రెండో వైపు, మూత లేని స్క్రూల మీద, గోడ ప్లగ్గు నుంచి వచ్చే ఇంటి కరెంటు ఉంది. పాపకు అన్నీ వైర్లే.

ఒక చేత్తో పాపను లాగి, ఇంకో చేత్తో ప్లగ్గు పీకాను. గోడంతా ఆరిపోయింది.

"పండుగ పూట గిదేం పనే పిల్లా!" అంది మా అత్త.

గుడ్డ ఎత్తి చూపించాను. వైరు ఆనిన చోటల్లా థర్మోకోల్ కరిగి, పుచ్చిన పన్నులా గుంటలు.

"జర మాడింది, గంతే గదా" అన్నాడు మరిది, మూతి తుడుచుకుంటూ.

ఉప్పల్ నుంచి మందం వైరు, ఫ్యూజులు తెప్పించి నేనే కూర్చున్నాను. గోడకు నాలుగైదు చోట్ల విడివిడిగా కరెంటు అందించి, ఒక్కో వైరుకు దాని మందానికి తగ్గ ఫ్యూజు పెట్టి, స్క్రూ వెనక్కి తిప్పి, పెట్టెను పాపకు అందనంత ఎత్తున మూత వేసి బిగించాను. ఈసారి చివరిదాకా తెల్లగా వెలిగింది. అందరూ మరిదితో సెల్ఫీలు దిగారు.

హారతి వేళ "బిడ్డను ఇయ్యి వదినా, దగ్గరికి తీస్కపోయి సూపిస్త" అని చేతులు చాపాడు.

పాప ముందు వైరు నాలుకకు పెట్టుకున్న ఆ చేతులు చూస్తేనే రోత పుట్టింది. పాపను చంకలోనే పెట్టుకుని దూరం నుంచే దండం పెట్టించాను.