అమ్మ మోకాళ్లు, నా పట్టిక

పట్టికలు గీసే అలవాటు నాకు డిప్లొమా చదివేటప్పుడు అంటుకుంది. గుడివాడలో రైసుమిల్లు యంత్రాలు బాగుచేసే వర్క్‌షాపులో చేరాక అదే ఉద్యోగమైంది. ఏ యంత్రం ఆగినా నాలుగు గడులు నింపాలి: ఏమైంది, ఎప్పుడు, ఎందుకు, ఏం చేశాం. తొంభైల చివర్లో అమ్మ మోకాళ్లు పట్టేయడం మొదలైనప్పుడు ఒక నోటుపుస్తకం తీసి అవే నాలుగు గడులు గీశాను.

బందరులో మాది రెండు గదుల ఇల్లు. నాన్న కైకలూరు దగ్గర చేపల చెరువుల మీద పనిచేస్తూ ఆదివారాలు మాత్రం వచ్చేవారు. మిగతా రోజులు నేనూ, అమ్మా, అమ్మ కుట్టుమిషనూ. ఆవిడ అవసరం కొద్దీ కాదు, ఇష్టం కొద్దీ కుట్టేది. మా వీధిలో పెళ్లి జాకెట్టు ఇంకొకరి చేతికి ఇచ్చేవారు కాదు. చల్లపల్లిలో కాపురం ఉంటున్న ఆడపిల్లలు కూడా పుట్టింటికి వచ్చినప్పుడు గుడ్డ తెచ్చి అమ్మ ముందు పెట్టేవారు. వీధిలో నా పేరు చాలామందికి తెలియదు. జాకెట్లావిడ గారి అబ్బాయిని.

డాక్టరు గారు ఎక్స్‌రే చూసి అరుగుదల మొదలైందన్నారు. గొంతుక్కూర్చోవద్దు, బరువులెత్తొద్దు, ఒకేచోట గంటలకొద్దీ కూర్చోవద్దు, రోజూ కాస్త నడవండి, కంటినిండా నిద్రపోండి, నిద్ర చాలకపోతే నొప్పి రెట్టింపు తెలుస్తుంది అని వరసగా చెప్పారు.

“నిద్ర ఎలా పడుతుందమ్మా?”

“బాగానే పడుతుందండీ.”

“బరువులేమైనా ఎత్తుతున్నారా?”

“ఏం బరువులండీ, జాకెట్టు గుడ్డలేగా.”

ఆయన నవ్వారు. నేను రెండు జవాబులూ రాసుకున్నాను. నిద్ర: సరే. బరువులు: లేవు. ఇక మిగిలింది మిషను. రోజుకి నాలుగైదు గంటలు కాళ్లతో తొక్కుతోందంటే అరిగేది మోకాళ్లు కాక మరేమిటి? యంత్రాల మనిషికి యంత్రమే కనపడుతుందని అప్పుడు నాకు తోచలేదు.

దసరా దాకా చూస్తానని అమ్మకి చెప్పాను. అప్పటికి తగ్గకపోతే మిషను ఇంట్లోంచి తీసేద్దామన్నాను.

“తీసేసి ఏం చెయ్యమంటావురా? నీ మొహం చూస్తూ కూర్చోనా?” అంది. లేచి వెళ్లి మిషను ముందు కూర్చుంది. అన్నం మాత్రం ఎప్పటిలాగే పెట్టింది.

ముందు నేను మిషనుకి మోటారు బిగించాను. బెల్టు నేనే కోసి, స్విచ్చి కాలి బొటనవేలు ఆనితే చాలేట్టు అమర్చాను. అమ్మకి అది నచ్చింది. నచ్చడమే కొంప ముంచింది. తొక్కేటప్పుడు కాళ్లు లాగి గంటకోసారి లేచి పెరట్లోకి వెళ్లి వచ్చేది. ఇప్పుడు మధ్యాహ్నం కూర్చుంటే సందెవేళకి గానీ లేవడం లేదు. లేచాక నాలుగడుగులు గోడ పట్టుకునే.

పట్టికలో కొత్తగా కలిపిన పొద్దున గడి ఇంకా అధ్వాన్నంగా ఉంది. నేను ఐదున్నరకి లేచేవాణ్ని. ఆ సమయానికి అమ్మ గ్యాసు పొయ్యి ముందు చిన్న పీట మీద కూర్చుని ఉండేది. కాఫీ ఇవ్వడానికి లేవబోయి, లేవలేక, వంటగట్టు పట్టుకుని నిమిషంపాటు అలాగే వంగి ఉండేది. ‘నిద్ర లేవగానే బిగుతు, ఎక్కువ’ అని రాసి, పక్కన నొప్పికి పదికి ఇన్ని అని అంకె వేసేవాణ్ని. నిద్ర గడిలో పదకొండు నుంచి ఐదున్నర, ఆరున్నర గంటలు అని రాసేవాణ్ని. చాప మీద పడుకోవడం తప్పేమోనని మంచం తెచ్చాను. దిండు మార్చాను. మోకాళ్ల కింద మడిచిన దుప్పటి పెట్టించాను. దేనికీ అంకె కదల్లేదు. దసరాకి మూడు వారాలుందనగా మిషను సంగతి ఖాయమైపోయినట్టే అనిపించింది. నా మీద నాకే విసుగు. అమ్మ మీద అంతకంటే విసుగు, ఏదో దాస్తున్నట్టు.

అప్పుడు ఒక తెల్లవారుజామున కరెంటు పోయింది. ఫ్యాను ఆగేసరికి మెలకువ వచ్చింది. గదిలో ఫ్యాను మోత లేకుండా నేను పడుకున్న రోజు లేదు. మోత ఆగాక బయట ఇత్తడి బిందె రాతికి తగిలిన చప్పుడు వినపడింది. అమ్మ మంచం ఖాళీగా ఉంది. వాకిట్లోకి వెళ్లాను.

మా వీధికి తెల్లవారుజామున వచ్చే మున్సిపాలిటీ నీళ్లకి ఒత్తిడి చాలదు. కుళాయిని రోడ్డు కంటే కిందికి దించుకుంటేనే ధార వస్తుంది. అందుకని ప్రతి ఇంటి ముందూ నడుములోతు గుంట, మూడు మెట్లు, అడుగున మూరెడు ఎత్తులో కుళాయి. పగలు దాని మీద రేకు కప్పి ఉంటుంది. రోజూ ఆ రేకు దాటుకుంటూనే నేను గుడివాడ పాసింజరు బండికి వెళ్లేవాణ్ని.

అమ్మ ఆ గుంటలో గొంతుక్కూర్చుని ఉంది. బిందె నిండగానే రెండు చేతులతో ఎత్తి గట్టు మీద పెట్టింది. మెట్టుకో క్షణం ఆగుతూ పైకి వచ్చి, బిందె చంకన పెట్టుకోబోయి నన్ను చూసింది.

“నువ్వెందుకు లేచావు? పడుకో, మళ్లీ బండిలో తూగుతావు.”

“ఎన్ని బిందెలు?”

“ఆరు. తాగడానికీ వంటకీ. బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయిగా.”

“రోజూనా?”

“నీళ్లు రోజూ కాక వారానికోసారి తాగుతామా?”

ఎదురింటి పిన్ని తన గుంటలోంచి తల పైకెత్తింది. “ఏవక్కా, ఇంజనీరు గారు తనిఖీకి వచ్చారా? కరెంటు పోతే గానీ లేవరా ఏంటి?”

బిందె అందుకోబోతే అమ్మ ఇవ్వలేదు. లాక్కోవాల్సి వచ్చింది.

ఆ రోజు బండిలో నోటుపుస్తకం తెరిచి మొదటి నుంచీ చూశాను. నొప్పి అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి, శీర్షికలే తప్పు. ‘నిద్ర లేవగానే’ అని నేను రాసింది నిద్ర లేచిన గంటన్నర తర్వాత, ఆరు బిందెలు గుంటలోంచి ఎత్తి, వచ్చి పీట మీద చతికిలబడ్డ తర్వాత. ఆరున్నర గంటల నిద్ర అయిదు గంటలు కూడా కాదు. నీళ్లు మూడున్నరకి రావచ్చు, నాలుగున్నరకి రావచ్చు. అందుకని ఆవిడ మధ్యలో రెండుసార్లు లేచి కుళాయి తిప్పి చూసి వచ్చేదట. డిప్లొమా అయ్యాక ఇన్నేళ్లలో నేను మా ఇంట్లో ఖాళీ బిందె చూడలేదు. ఎందుకు చూడలేదన్న ప్రశ్న పట్టికలో లేదు.

“డాక్టరు గారు బరువుల గురించి అడిగితే చెప్పలేదేం?” అని సాయంత్రం నిలదీశాను.

“నీళ్లు పట్టడం కూడా చెప్పుకోవాలా? ఆయన ఇంట్లో పట్టరా?” అంది. దాచలేదు. ఆవిడ లెక్కలో అది పనే కాదు.

మోటారు విప్పేశాను. మళ్లీ తొక్కుతూ, కాళ్లు లాగినప్పుడు లేచి నడుస్తూ కుట్టమన్నాను. నీళ్లు పట్టే పని నాదన్నాను. దసరా నాటికి పీట మీద నుంచి గట్టు పట్టుకోకుండా లేవడం వారంలో నాలుగు రోజులు కనపడింది. అరిగింది తిరిగి రాదు, అది నాకు తెలుసు. మిషను మాత్రం దాని చోటే ఉంది. ఆ పండక్కి అమ్మ పదకొండు జాకెట్లు కుట్టింది.

నిద్ర గడి మాత్రం నాకు లొంగలేదు. రెండో వారంలో ఒకరోజు నేను అలారం కట్టేసి మళ్లీ పడుకున్నాను. లేచేసరికి ఆరు బిందెలూ నిండి ఉన్నాయి, అమ్మ పీట మీద ఉంది. కాఫీ గ్లాసు నా చేతికిచ్చింది. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత ఆవిడ నన్ను నమ్మలేదు. నీళ్లకి ముందు కుళాయిలో గాలి బుసకొడుతుంది. నాకు ఫ్యాను మోతలో వినపడని ఆ చప్పుడు, ఆవిడకి గోడ అవతల నుంచి వినపడేది.

“పడుకోమన్నానుగా, నేను లేస్తాను” అని విసుక్కునేవాణ్ని.

“పడుకునే ఉన్నానుగా. నువ్వు లేస్తావో లేదోనని, అంతే.”

అలారం రోజూ మూడున్నరకి పెట్టేవాణ్ని. అది మోగగా ఒక్కరోజూ వినలేదు. అంతకు ముందే చీకట్లో మంచం మీద నుంచి అమ్మ గొంతు వచ్చేది: “గాలి వస్తోంది, లే.”