తాటిచెట్లు విసిరే గాలి

నా చిన్నప్పుడు మా తాతయ్యకు తెలియని సంగతంటూ లోకంలో లేదని గట్టిగా నమ్మేదాన్ని. కృష్ణపట్నం దగ్గర, సముద్రానికి కూతవేటు దూరంలో మా పల్లె. అప్పటికి ఇంత పెద్ద ఓడరేవూ లేదు, ఇప్పటి కరెంటు ప్లాంట్ల పొగగొట్టాలూ లేవు. ఉప్పు మడులు, వాటి వెనక తాటితోపు, ఇవతల మా చర్చి, అంతే. తాతయ్య ఉప్పు మడుల్లో పనిచేసేవాడు. బడి మొహం చూసినవాడు కాదు. కానీ ఏదైనా అడిగితే 'తెలీదు' అన్న మాట ఆయన నోట వచ్చేది కాదు. ఆ క్షణాన ఏది తోస్తే అది, ఎంతో నమ్మకంగా చెప్పేసేవాడు.

నాకొక తమ్ముడు ఉండేవాడు. వాడికి పుట్టినప్పటి నుంచీ ఉబ్బసం. పరుగెత్తి ఆడుకోలేడు కాబట్టి తాతయ్య పక్కన కూర్చుని ప్రశ్నలు వేయడమే వాడి ఆట. ఒక సాయంత్రం తాతయ్య వాడికి విసనకర్రతో విసురుతుంటే, గాలి యాడ్నించి వస్తాదని అడిగాడు.

"ఈ విసనకర్ర దేంతో చేసినారు?" అన్నాడు తాతయ్య.

"తాటాకుతో."

"కోసి ఎండబెట్టిన ఒక్క ఆకే ఇంత గాలి ఇస్తా ఉంటే, చెట్టు మీద పచ్చిగా ఉండేవి ఊరికే ఉంటాయా నాయనా? అయ్యి విసురుకుంటేనే గాలి."

"చెట్లెందుకు విసురుకుంటాయి?"

"వాటికి మాత్రం ఉక్కపోయదా?"

మరి సముద్రం మీద నుంచి వచ్చే గాలి సంగతేందని నేను అడిగాను. అవతలి ఒడ్డున కూడా తాటిచెట్లు ఉన్నాయనీ, ఆ ఊరివాళ్లు వాడుకోగా మిగిలింది మనకు వస్తుందనీ, నీళ్ల మీదుగా రావడం వల్లే అది ఉప్పగా ఉంటుందనీ చెప్పాడు. పొయ్యి దగ్గర మా అమ్మ పైట నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. మాకు మాత్రం అందులో నవ్వాల్సిందేమీ కనబడలేదు. మేమిద్దరం వాకిట్లో నిలబడి, అంత దూరాన తోపులో ఊగుతున్న ఆకులను చూసి, పాపం వాటికి ఎంత ఉక్కగా ఉందో అనుకున్నాం.

ఆ ఎండాకాలం రోహిణి కార్తెలో, ఒక మధ్యాహ్నం తమ్ముడికి ఆయాసం ఎక్కువైంది. ఎప్పుడూ వచ్చేటట్టు కాదు, పెదవులు నల్లబడిపోయాయి. అమ్మ వాణ్ని ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుంది. నాన్న జీపు కోసం రోడ్డు మీదికి పరుగెత్తాడు. తాతయ్య రెండు చేతులా విసురుతూనే ఉన్నాడు. పక్కింటి అక్క గుమ్మంలో నిలబడి బయటికి చూసి, "ఆకు కూడా కదలడం లేదే, బిడ్డకు గాలెట్టా ఆడతాది" అంది.

ఆ మాట నా చెవిన పడింది. నేను ఎవరికీ చెప్పకుండా తోపులోకి పరుగెత్తాను.

తాటిచెట్టు మాను ఎంత గరుకుగా ఉంటుందో ఎక్కినవాళ్లకే తెలుసు. నేను ఒక చెట్టును కావలించుకుని ఊపాను. కదల్లేదు. ఇంకో చెట్టు దగ్గరికి పోయి భుజంతో తోశాను. దాన్నీ వదిలి ఇంకోదాన్ని. విసురు, విసురు అని బతిమాలాను. పైన ఆకులు ఒక్కటీ ఊగలేదు. నా చేతులూ రొమ్మూ గీరుకుపోయి మండుతున్నా తోస్తూనే ఉన్నాను. ఇంటివైపు నుంచి అమ్మ ఏడుపు వినబడేదాకా తోస్తూనే ఉన్నాను.

నేను ఇంటికి పోయేసరికి జీపు వచ్చి ఉంది. ఇక దాంతో అవసరం లేకుండా పోయింది.

తమ్ముణ్ని చర్చి వెనక సమాధుల తోటలో పెట్టారు. అందరూ ఏడుస్తుంటే నాకు ఏడుపు రాలేదు. తర్వాత కూడా రాలేదు. అన్నం సయించేది కాదు, మాట్లాడబుద్ధి అయ్యేది కాదు. చిన్నపిల్ల, బెంగపెట్టుకుందిలే అనుకున్నారు పెద్దవాళ్లు. వాళ్ల దుఃఖంలో వాళ్లున్నారు. ఒకరోజు అమ్మకు ఒంట్లో బాగాలేక తాతయ్యే నాకు నీళ్లు పోయడానికి కూర్చోబెట్టాడు. అప్పుడు చూశాడు నా రొమ్ము మీద పక్కులు కట్టిన గీతలు.

ఏందమ్మా ఇవి అని అడిగాడు. "నేనెంత తోసినా చెట్టు కదల్లేదు తాతా. నాకు బలం చాల్లేదు" అన్నాను.

తాతయ్య చేతిలోని చెంబు అట్లాగే ఉండిపోయింది. ఆయన ముఖం అంత ముసలిదైపోవడం నేను అంతకు ముందు చూడలేదు.

మర్నాడు పొద్దున ఆదివారానికి వేసుకునే చొక్కా తొడుక్కుని, నన్ను వెంటబెట్టుకుని బడి అయ్యవారి ఇంటికి తీసుకుపోయాడు. అరుగు మీద ఊరివాళ్లు నలుగురు కూర్చుని ఉన్నారు. తాతయ్య కింద నిలబడే చేతులు కట్టుకుని, "అయ్యా, తాటిచెట్లు విసిరితే గాలి వస్తాదని నా మనవళ్లకు చెప్పినాను. నిజమేనా?" అని అడిగాడు.

అరుగు మీదివాళ్లు పకపకా నవ్వారు. తాతయ్య తల వంచుకోలేదు. "నవ్వండి, తప్పులేదు. అయ్యవారు మాత్రం ఈ పాపకు అర్థమయ్యేటట్టు చెప్పాల" అన్నాడు.

అయ్యవారు నా వైపు చూశారు. నేల వేడెక్కితే దాని మీద గాలి పైకి లేస్తుందనీ, ఆ చోటికి సముద్రం మీద చల్లగాలి వస్తుందనీ, గాలి వల్ల చెట్లు ఊగుతాయి గానీ చెట్ల వల్ల గాలి రాదనీ నిదానంగా చెప్పారు. అంతా విన్నాక తాతయ్య ఇంకో ప్రశ్న వేశాడు.

"అయితే ఈ బిడ్డ ఆ రోజు చెట్లను ఊపగలిగినా మా పిల్లోడు బతికేవాడు కాదు. అంతేగదయ్యా?"

అరుగు మీద నవ్వు ఆగిపోయింది. అయ్యవారు కిందికి దిగి వచ్చి నా రెండు చేతులూ తిప్పి చూశారు. బయట గాలి ఉందనీ, వాడి రొమ్ములో దానికి దారి మూసుకుపోయిందనీ చెప్పారు. "నీ వల్ల కాదమ్మా, నీ వల్ల ఏమీ కాలేదు" అన్నారు. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు.

పెద్దపిల్లనైనా తాతయ్య నన్ను భుజాన వేసుకుని ఇంటికి తెచ్చాడు. దారిలో ఆయన వీపు ఎగిరెగిరి పడుతోంది. "తెలీదని ఒక్క మాట అనుంటే పోయేది తల్లీ" అన్నాడు.

ఆ తర్వాత ఆయన నాకు ఎప్పుడూ అట్లాంటి కబుర్లు చెప్పలేదు. ఏదైనా అడిగితే తెలీదు పాపా అనేవాడు. కావాలనే చుక్కల సంగతి, పీతల సంగతి అడిగి చూసేదాన్ని. నవ్వబోయి ఆగిపోయేవాడు. తమ్ముడితో పాటు ఆ కబుర్లు కూడా పోయాయి మా ఇంట్లోంచి.

పెద్దయ్యాక నేను అంగన్‌వాడీలో పనిచేశాను, ఇప్పుడు మానేసి చాలాకాలమైంది. అయినా మా చుట్టుపక్కల ఏ ఇంట్లో చావు జరిగినా పెద్దవాళ్లను పలకరించే ముందు నా కళ్లు పిల్లల కోసం వెతుకుతాయి. మొన్నీమధ్య రోడ్డు ప్రమాదంలో తండ్రి పోయిన ఒక పాప, ఏడవకుండా మంచం కోడు పట్టుకుని నిలబడి ఉంది. పక్కన కూర్చుని, నీ మనసులో ఏముందమ్మా అని అడిగాను. నేను తొందరగా రమ్మని ఫోన్ చేశాను అవ్వా, అందుకే స్పీడుగా వచ్చినాడు అంది.

ఆ పాపను ఒళ్లోకి తీసుకున్నాను. బయట జనం ఏడుస్తూనే ఉన్నారు. నీ వల్ల కాదమ్మా అని చెప్పాను. అది నమ్మేదాకా చెప్పాను.