జారుముడి కొస

నా చిన్నప్పుడు మా తాతయ్య బండికి గూడు కట్టడం మొదలుపెడితే ఎక్కడికో బయలుదేరుతున్నామని అర్థం. కొత్త రాష్ట్రం ఏర్పడిన రోజులవి. శ్రావణమాసంలో ఎమ్మిగనూరు నుంచి ఉరుకుంద ఈరన్నస్వామి గుడికి మేం మా ఎద్దులబండిలోనే పోయేవాళ్లం. దారిలో వండుకోవడం, గూటి కింద పడుకోవడం, అదే మాకు సంబరం.

ఆ ఏడు మాత్రం సంబరం కంటే బెంగ ఎక్కువ. నెలల పిల్ల మా చెల్లెలు జ్వరంతో చిక్కిపోయి, అప్పుడప్పుడే కోలుకుంటోంది. బతికితే పుట్టువెంట్రుకలు ఈరన్నకు ఇస్తామని అమ్మ మొక్కుకుంది. పిల్ల మీద వాన చుక్క పడకుండా అక్కడికి చేర్చాలి.

పెరట్లో తాతయ్య, నాయన, నేను కలిసి గూడు తయారుచేశాం. నానబెట్టిన వెదురు బద్దలను వంచి, అడుగున రెండు బొంగులకు కట్టి, పైన ఈతచాపలు కుట్టాం. అంతవరకూ గొడవ లేదు. ఆ గూటిని బండికి బిగించే దగ్గరే మాట తేడా వచ్చింది. నాయన మేకులు తెచ్చాడు.

“మేకు కొట్టేది సులువేప్పా. పీకాల్సొస్తే యాడ పీకుతావు?” అన్నాడు తాతయ్య.

“పీకే పనేముంది నాయనా? గాలికి లేచిపోతే నువ్వు ఎంటబడి పట్టుకొస్తావా?”

తాతయ్య నవ్వి, నాలుగు మూలలకూ గోగునార తాళ్లు వేశాడు. ఒక్కో మూల ఒక్కొక్కరి చేత కట్టించాడు. ముందువైపు తనదీ నాయనదీ, వెనకవైపు అమ్మదీ నాదీ. అన్నీ జారుముడులే, కొస లాగితే ఊడిపోయేవి. ఎవరు కట్టింది వాళ్లే విప్పాలి. నా తాడు కొసను నా చేతికి అందేలా పొడుగ్గా వదిలాడు.

“బండికి తోక మొలిచినట్లుంది” అన్నాడు నాయన.

ఉరుకుంద ఇంకా కొంత దూరం ఉందనగా ఈదురుగాలితో వాన దిగింది. నల్లరేగడి దారిలో ఒక చక్రం కుంగి బండి ఒరిగింది. గాలి గూటిని అటే తోస్తోంది. ఇంకొంచెం ఒరిగితే బోల్తాయే. తాతయ్య ఎద్దుల ముకుతాళ్లు పట్టుకుని అరిచాడు.

“దిగండి! ఎవురి ముడి వాళ్లు పీకండి!”

తను ఎద్దులను వదలకుండానే తన కొస లాగాడు. నాయనది ఊడింది. అమ్మ పిల్లను కొంగులో కప్పుకుని ఒక్క చేత్తోనే లాగేసింది. తడిసిన నార బిగుసుకుందేమో, నాది ఒక పట్టాన రాలేదు. రెండు చేతులతో కొసకు వేలాడితే నాదీ జారింది. ఎద్దులను విప్పి, తాతయ్యా నాయనా గూటిని ఎత్తి గట్టు మీద బోర్లించారు. బండి ఒరగడం ఆగింది. మేం లోపలికి దూరాం.

అమ్మ పిల్ల ఒళ్లంతా తడిమింది. తల పొడి, పాదాలు పొడి. చెల్లెలు ఆవులించి నిద్రపోయింది. అమ్మ ఏడ్చి, వెంటనే నవ్వింది.

“మామా, ఇల్లే మోసుకొచ్చినారు గదా!”

“దించినాం గదమ్మా, ఇంగ రొట్టెలు తియ్యి. మీ ఆయప్ప మేకులేమాయె?”

“ఈడున్నాయి” అని నాయన వాటిని చాపకు గుచ్చి, వాన జల్లు రాకుండా గొంగడి అడ్డం తగిలిస్తున్నాడు. అందరం నవ్వాం. మర్నాడు ఎండ కాసింది, మొక్కు తీరింది.

పెద్దయ్యాక యంత్రాల పని చదువుకుని, బిగించే పద్ధతులు చాలానే నేర్చుకున్నాను. ఇప్పటికీ ఆదోనిలో మా పెరట్లో సొరపాదుకు పందిరి వేసినా, ఎలా విప్పాలన్నదే ముందు చూస్తాను. తాడు కొసను ఇంట్లో అందరికంటే పొట్టివాళ్లకు అందేలా వదులుతాను. మా మనవరాలు దాన్ని లాగి పందిరి కూల్చిన రోజులున్నాయి. మళ్లీ కడతాను. కొసను మాత్రం పైకి చుట్టను.