శనివారం కాన్పు

బేస్‌మెంట్లో గది ఖాళీ అయిందని తెలిస్తే చాలు, సాయంత్రానికల్లా చదువుకోడానికొచ్చిన పిల్లలు పది మంది సూట్‌కేసులతో గుమ్మంలో నిలబడే కాలం అది. కెనడాలోని మా ఒషావా ఊరి బస్సుల్లో తెలుగు వినపడని రోజుండేది కాదు. నాకు మొట్టమొదటి ఉద్యోగం అప్పుడే వచ్చింది, అరవై ఆరో ఏట. కొడుకూ కోడలూ పొద్దున్నే టొరంటో ఆఫీసులకు పోయేవారు కాబట్టి బేస్‌మెంట్ పెత్తనం నాకు అప్పజెప్పారు. చదివింది మూడో తరగతే అయినా నిబంధనలు రాసి గోడకు అంటించాను. వేణ్ణీళ్ళు ఐదు నిమిషాలే, శనివారం పొద్దున అందరూ కలిసి నేల కడగాలి, మగవాళ్ళు గడప దాటకూడదు. (ఆ చివరిదానికి భయపడి మా అబ్బాయి కూడా ఫ్యూజు పోతే మెట్ల మీద నుంచే కేకేసేవాడు.)

మా బేస్‌మెంట్లో ఉన్న ఆడపిల్లల్లో ఒకమ్మాయి విమానాలు బాగుచేసే చదువు చదివేది. మనిషి సన్నమే గానీ, తొడుక్కునే స్వెటర్లో ఇద్దరు పట్టేవారు. పక్కింటి తెల్ల తాతగారూ ఆమే కంచెకు అటూ ఇటూ నిలబడి గంటలకొద్దీ మాట్లాడుకునేవారు. అవి పాత యుద్ధవిమానాల కబుర్లని నాకు తర్వాత తెలిసింది. అప్పటికి నాకు ఇంగ్లీషులో కూరగాయల పేర్లూ ఒంట్లో భాగాల పేర్లూ తప్ప పెద్దగా రావు. మొదటివి కొట్టుకి, రెండోవి డాక్టరుకి. అందుకే ఆయన మాటల్లో నాకు చిక్కినవి ‘బెల్లీ’, ‘వాటర్’, ‘ట్విన్’, అంతే.

ఒక బుధవారం మెట్ల మీద బట్టలు మడత పెడుతుంటే ఆ అమ్మాయి స్నేహితురాలితో ఫోన్లో అంటోంది: “శనివారమే కాన్పు! ఇంట్లో ఇంకా చెప్పలేదే. బామ్మగారికి తెలిస్తే అస్సలు వెళ్ళనివ్వరు.”

మడత పెట్టిన తువ్వాలే మళ్ళీ మడత పెట్టాను. పొట్ట, నీళ్ళు, కవలలు! ఆవకాయ జాడీ అంత త్వరగా ఎందుకు ఖాళీ అయిందో కూడా అర్థమైపోయింది.

మా అబ్బాయికి చెబితే ఆ పిల్లను అదే రోజు పంపేస్తాడు. ఆ రోజుల్లో ఇంకో గది దొరకడమంటే మాటలు కాదు. చెప్పకపోతే నేను అంటించిన కాగితానికి విలువేముంది? రెండు రోజులు ఆ కాగితం ముందే అటూ ఇటూ తిరిగాను. శుక్రవారం మధ్యాహ్నం మాత్రం శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు దంచి, బెల్లం పాకంలో నెయ్యి పోసి బాలింత కాయం తయారు చేశాను. పొత్తిళ్ళకని నా మెత్తటి నేత చీర రెండు ముక్కలుగా చింపాను. (ఇంకో పదేళ్ళు వచ్చే చీర.)

శనివారం తెల్లవారుతుండగా ఆమె చప్పుడు చేయకుండా తలుపు తీసేసరికి, సంచీతో నేను ఎదురుగా ఉన్నాను.

“పద, నేనూ వస్తా.”

“మీరా? నేల కడగడం మానేసి? నిజంగానా? తాతగారి కారులో లేక్ దగ్గరికి వెళ్తున్నాం బామ్మగారూ!”

ఈ దేశంలో నీళ్ళలో పురుడు పోస్తారని కోడలెప్పుడో చెప్పింది. “ఇంత చల్లటి నీళ్ళలోనా?” అన్నాను.

“దానికలవాటే బామ్మగారూ. వార్‌లో దీనికంటే చల్లటి సముద్రాల్లో దిగింది. ఎనభై ఏళ్ళది, ఇప్పటికీ ఎంత ఫిట్‌గా ఉందో!”

ఎనభై ఏళ్ళేమిటో అర్థం కాలేదు. మంత్రసానికేమో అనుకున్నాను.

ఒడ్డున డజను మంది ముసలాళ్ళు బైనాక్యులర్లు పట్టుకుని, ఏ విమానం గొప్పదని పోట్లాడుకుంటున్నారు. పొట్ట కిందున్న బూట్లలాంటి వాటి మీద తేలేది గొప్పదని ఒకాయన, పొట్టే పడవైనది గొప్పదని మా పక్కింటి తాతగారు. అమ్మాయి ఉత్సాహంగా నాకు తెలుగులో చెబుతోంది.

“డాక్టరేదే?” అన్నాను.

“ఎవరికి?”

“నీకే. శనివారం కాన్పన్నావు కదా.”

నోరు తెరిచి నన్ను చూసింది. “కాన్పా? అయ్యో బామ్మగారూ! కాన్సో! నీళ్ళ మీద దిగే విమానం పేరు కాన్సో! ట్విన్, అంటే రెండు ఇంజిన్లది!” అంటూ ఇసుకలో కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. తర్వాత నా సంచీలోకి చూసింది. కాయం డబ్బా, చీర ముక్కలు. నవ్వు ఆగిపోయింది.

అప్పుడే వచ్చింది అది. సరస్సు మీది పొగమంచులోంచి, నిద్రలో నడిచే మనిషిలా నెమ్మదిగా. రెక్క మొత్తం నెత్తిన పెట్టుకుంది, పక్కటెముకల దగ్గర రెండు గాజు బుడగలు. నీటిని ఒకసారి తాకి, మళ్ళీ తాకి, కూర్చుంది. ముసలాళ్ళు పోట్లాట మరిచి టోపీలు తీశారు. ఆకాశమేదో నీళ్ళేవో తెలియని ఆ తెల్లదనంలో నా కాళ్ళ కింద నేల ఉందో లేదో నాకూ గుర్తులేదు.

“బామ్మగారూ,” అంది ఆ పిల్ల మెల్లగా. “నిజంగానే అయితే నన్ను ఉండనిచ్చేవారా?”

“నోరు మూసుకుని చూడు, వెళ్ళిపోతుంది,” అన్నాను.

కవలలకి రెండు ఉయ్యాలలు కట్టడానికి బేస్‌మెంట్లో ఏ దూలం గట్టిదో నిన్ననే లాగి చూసుకున్నానని చెప్పలేదు. చెబితే సోమవారం నుంచి వేణ్ణీళ్ళు ఐదు నిమిషాల్లో ఎవరు ఆపుతారు? ఆ పిల్ల ఇప్పుడు మాంట్రియల్‌లో విమానాలు బాగుచేస్తోంది. ఆనాటి నా గాంభీర్యం తలుచుకుంటే నాకిప్పుడు నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా. దూలం సంగతి చెప్పేసి ఉంటే, ఆ పొగమంచులో ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని ఉండేదేమో.