వైరు రెండో కొస

మా బ్లడ్ బ్యాంకు బహదూర్‌పురాలో ఉండేది. అక్కడ నెట్‌వర్క్ చూసే అతను, వైరు ముట్టినవారి వేళ్లపై స్క్రూడ్రైవరుతో కొట్టేవాడు. లెక్కలు చూసే నాకూ దెబ్బ తప్పలేదు.

2003 వేసవిలో మా గుమాస్తా, కంప్యూటర్లన్నిటినీ కలిపే స్విచ్ పెట్టె నుంచి వేలాడే వైరు చూడలేక, దాని రెండో కొసనూ అదే స్విచ్‌లో దూర్చాడు. సమాచారమంతా అందులోనే గిరగిరా తిరిగి కంప్యూటర్లు ఆగిపోయాయి. ఏ రక్తం ప్యాకెట్ ఎవరికివ్వాలో తెలియలేదు. కాన్పులో ఉన్న ఒకామెకు రక్తం కోసం వచ్చిన భర్త కౌంటరు అద్దం పగలగొట్టాడు.

"నా పెండ్లాం సస్తాంది, మిషన్ ఆగిందంటవేంది బే!" అని గుమాస్తాపై కుర్చీ ఎత్తాడు.

నెట్‌వర్క్ అతను అడ్డుపడ్డాడు. కుర్చీ తగిలి అతని నుదురు పగిలింది. నెత్తుటి చేత్తోనే వైరు పీకాడు. కంప్యూటర్లు కదిలాయి.

"ఇగ స్విచ్‌ల స్పానింగ్ ట్రీ అనే సెట్టింగ్ పెడ్త. ఎవడు గిట్ల సుట్టు కలిపినా స్విచ్చే ఆ దారి మూస్తది," అంటూ గుమాస్తా వేళ్లపై ఒకటిచ్చాడు.

"అన్నా, నెత్తురు!" అన్నాడు గుమాస్తా, అతని నుదురు చూపిస్తూ.

"నాది కారనీ. ముందు ఆమెది ఇయ్యి."