ఒక సున్నా, ఒక దీర్ఘం

మా పిన్నికి ఇంట్లో అందరం పెట్టిన పేరు ‘బెదురు పిన్ని’. వీధి చివరిదాకా వెళ్ళాక కూడా గ్యాసు కట్టేసిందో లేదో చూడ్డానికి వెనక్కి వస్తుంది. అచ్చాఫీసులో ముప్పై ఏళ్ళు ప్రూఫులు దిద్దింది. ఒక్క సున్నా, ఒక్క దీర్ఘం ఆమె కళ్ళుగప్పి పోలేదు. గడియారాలు బాగుచేసే బాబాయికేమో భయమన్నదే తెలియదు. అది గొప్ప గుణమంటారు మావాళ్ళు. నేనొప్పుకోను. ఆయన పడాల్సిన భయం కూడా పిన్నే పడుతోంది.

యాభై ఏళ్ళనాటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారొకటి తెచ్చి వాకిట్లో రేకుల కింద పెట్టాడాయన. తుప్పు తప్ప ఏమీ మిగల్లేదు దానికి. నాలుగేళ్ళుగా ప్రతి స్క్రూనీ గడియారం స్క్రూలా తుడిచి బిగిస్తున్నాడు. ఆయన కారు కింద దూరితే పిన్ని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని గుమ్మంలో కూర్చునేది. విప్పిన చక్రాన్ని తన చేత్తో ఆయన పక్కన, బండి కింద పడుకోబెడితే తప్ప పని మొదలుపెట్టనిచ్చేది కాదు.

“జాకీ ఉంది, స్టాండ్లున్నాయి, మళ్ళీ నీ దిండొకటా?” అనేవాడు బాబాయి.

“ఉండనివ్వండి. తిండి పెట్టమంటోందా?”

ఆ ఆదివారం మధ్యాహ్నం బ్రేకు గొట్టాల్లోంచి గాలి తీస్తున్నారు. వెనకభాగం స్టాండ్ల మీద ఉంది. వాకిలి వీధివైపు వాలు. హ్యాండ్ బ్రేకు ఇంకా బిగించలేదు. ముందు చక్రాలకు చెక్కముక్కలు అడ్డుపెట్టారు. పిన్ని సీట్లో కూర్చుంది. కింద నుంచి బాబాయి “తొక్కు” అంటే పెడలు తొక్కాలి, “వదులు” అంటే కాలు తీయాలి. నేను మెట్ల మీద బట్టలు మడతపెడుతున్నాను.

కారు కొంచెం కదిలింది.

“గట్టిగా తొక్కి పట్టుకో! చెక్క జారింది” అన్నాడు బాబాయి. పడుకున్నచోటు నుంచే చెయ్యి చాచి దాన్ని సుత్తితో కొట్టాడు. ఊపి చూసినట్టున్నాడు, “ఇంకా వదులు” అన్నాడు.

చెక్క ఇంకా వదులుగానే ఉందని ఆయన భావం. పిన్నికి “ఇక వదులు” అని వినిపించింది. కాలు తీసేసింది.

కారు ముందుకు జారింది. స్టాండ్లు ఒరిగిపోయాయి. వెనకభాగం ధభాలున పడింది.

చేతిలో చొక్కాతోనే పరిగెత్తి నేల మీద బోర్లా పడ్డాను. దుమ్ములో ఏమీ కనిపించలేదు. “బాబాయ్!” అని అరిచాను. పైన పిన్ని పెడలు మళ్ళీ తొక్కి పట్టుకుంది. అంత భయం నా జన్మలో ఎరగను.

కింద దగ్గు వినిపించింది.

“దిండు... ఆపిందే” అన్నాడు బాబాయి.

కారు పిన్ని పడుకోబెట్టిన చక్రం మీద ఆగింది. ఆయన ఛాతీకీ ఇనుముకీ మధ్య నాలుగు వేళ్ళ సందు మిగిలింది.

పక్కింటివాళ్ళు వచ్చి, చెక్కలు బిగించి, జాకీతో కారునెత్తి ఆయన్ని లాగారు. అప్పటికీ పిన్ని పెడలు తొక్కి పట్టుకునే ఉంది. “ఇప్పుడు తియ్యొచ్చా?” అని నన్నడిగింది. నేనే పట్టుకుని దింపాను.

“సున్నా, దీర్ఘం రెండూ మింగేశానండీ” అంటూ ఆయన పక్కన కూలబడి ఏడ్చింది.

వెంట్రుకంత స్ప్రింగు పట్టుకున్నా వణకని బాబాయి చేతులు గడగడ వణుకుతున్నాయి. ఆ చేతులతోనే పిన్ని చెయ్యి పట్టుకున్నాడు. ఎంతసేపటికీ విడిచిపెట్టలేదు. పిన్నికి సిగ్గేసింది.

“వదలండి, అందరూ చూస్తున్నారు.”

“ఆ మాట మాత్రం అనకే” అన్నాడు బాబాయి.