వాజలిన్ మెరుపు

అందరి మొహాలూ వెలిగించిన లూషియస్ తన మొహం ఒక్కటీ ఎందుకు కెమెరాలో తీసుకోలేదు? నాకిప్పటికీ తెలియదు. అమెరికాలోని ఓక్లండ్‌లో, మగవాళ్లను ప్రేమించే మా నల్ల మగవాళ్ల మీద సినిమా తీసేవాడు. తనూ మాలో ఒకడే. కెమెరా పెట్టేముందు ప్రతివాడి మొహానికీ వాజలిన్ రాసేవాడు, బడికి పంపేటప్పుడు మా అమ్మలు రాసినట్టే, నిగనిగలాడేదాకా. బస్సు నడిపే హోరేస్ ఉద్యోగం పోతుందని భయపడి గోడవైపు తిరిగి కూర్చున్నాడు. అతనికీ రాశాడు.

“తీసేది వీపేగా, మొహానికెందుకురా జిడ్డు?”

“పొడిమొహంతో కూర్చోబెడితే మీ అమ్మ నన్ను తంతుందన్నా.”

హోరేస్ పగలబడి నవ్వాడు. నవ్వు ఆగాక కుర్చీని తనే దీపంవైపు తిప్పుకున్నాడు. “తియ్యి. డిపో అంతా చూడనీ.”

రీలు అయిపోయాక హోరేస్ ఆ వాజలిన్ డబ్బా అందుకుని లూషియస్ బుగ్గలకు పట్టించాడు. “ఎప్పుడూ కెమెరా వెనకే ఉంటావు. నీకెవడు రాస్తాడురా?”

ఎవరికైనా ఠక్కున జవాబిచ్చే లూషియస్ డబ్బాకు మూత పెట్టాడు. బుగ్గలు తుడుచుకోలేదు. కెమెరా భుజాన వేసుకుని, ఆ మెరుపుతోనే ఎండలోకి నడిచిపోయాడు.